జెకర్యా 3: సాతాను ఏమని ఆరోపించాడు? యెహోషువ ఎందుకు మాట్లాడలేదు?

సుధ_ఒంగోలు (శుక్రవారం రాత్రి 9:15)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ప్రతి గురువారం ఏడెనిమిది మంది ఆడవాళ్లం కూర్చుని బైబిల్ చదువుకుంటాం. జెకర్యా గ్రంథం మొదలుపెట్టి నెలయింది. నిన్న మూడో అధ్యాయం దగ్గర ఆగిపోయాం. ఉన్నవి పది వచనాలే. చదవడానికి రెండు నిమిషాలు పట్టలేదు, మాట్లాడుకుంటూ మాత్రం రాత్రి పది దాకా కూర్చున్నాం.

చదవనివాళ్ల కోసం జెకర్యా ప్రవక్త చూసిన ఆ దర్శనం క్లుప్తంగా చెప్తాను. ప్రధాన యాజకుడు యెహోషువ, యెహోవా దూత ముందు నిలబడి ఉన్నాడు. అతని కుడిపక్కన సాతాను, ఆరోపించడానికి. యాజకుడి ఒంటిమీద మురికి బట్టలు. యెహోవా సాతానును గద్దిస్తాడు, ఇతను నిప్పులోంచి లాగిన కొరవి కదా అంటాడు. దూత ఆ బట్టలు విప్పించి, నీ దోషం తీసేశానని చెప్పి, మంచి బట్టలు కట్టిస్తాడు, తలకు పాగా పెట్టిస్తారు.

నన్ను పట్టుకున్న సంగతి ఇది. సాతాను ఏమన్నాడో ఒక్క ముక్క కూడా రాయలేదు. యెహోషువ కూడా నోరు విప్పడు. "నేను చెయ్యలేదు" అనడు, "చేశాను, క్షమించండి" అనీ అనడు. బట్టలు మురికివి కాదని దేవుడు కూడా అనలేదు. మరి ఇది ఎలాంటి విచారణ? ఆరోపణ నిజమా, అబద్ధమా? మా గుంపులో ఒకామె, "నిజమే అయితే వదిలెయ్యడం న్యాయమా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. హీబ్రూ తెలిసినవాళ్లు, చరిత్ర తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పగలరా?

---

అలెఫ్_బేత్ (శుక్రవారం రాత్రి 10:02)

సుధ గారూ, హీబ్రూ నేనూ ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను, తెలిసినంత రాస్తాను.

ముందుగా సాతాను. మూలంలో "హ-సాతాన్" అని ఉంది. "హ" అంటే "ఆ ఫలానా" అని చూపించే ఉపసర్గ. మనుషుల సొంత పేర్లకు హీబ్రూలో దాన్ని తగిలించరు. అంటే ఇక్కడ అది పేరు కాదు, పదవి. ఆరోపించే పని చేసేవాడు అని. యోబు మొదటి రెండు అధ్యాయాల్లోనూ ఇలాగే ఉంటుంది. "అతని మీద ఆరోపించడానికి" అన్నచోట వాడిన క్రియ కూడా అదే ధాతువు. సాతాన్ సాతాన్‌తనం చేయడానికి నిలబడ్డాడు అన్నట్టు వినిపిస్తుంది.

సంఖ్యాకాండం 22లో బిలాము గాడిదకు అడ్డం వచ్చిన యెహోవా దూతకు కూడా ఇదే మాట వాడారు. "అడ్డుగా నిలిచేవాడు" అనే అర్థంలో. కాబట్టి కొమ్ములు, తోక ఉన్న బొమ్మను పక్కన పెట్టి చదవాలి. ఇది దేవుడి కొలువులో ఒక ఉద్యోగం.

ఇక బట్టలు. తెలుగులో "మైల బట్టలు" అని ఉంది. మైల అనగానే మనకు పురుడు, చావు, అంటు గుర్తొస్తాయి. హీబ్రూ మాట "త్సోయీమ్" ఇంకా ఘాటైనది. మలం అనే మాటకు దగ్గరి చుట్టం. మాసిన చొక్కా కాదు, పక్కన నిలబడలేనంత కంపు కొట్టే బట్టలు. ప్రధాన యాజకుడు అంటే నిర్గమకాండం 28 ప్రకారం బంగారం, నీలం, ఊదా, ఎరుపు నూలుతో నేసిన ఏఫోదు అనే యాజక వస్త్రం వేసుకునేవాడు. అతన్ని ఆ స్థితిలో చూడటం జెకర్యాకు ఎంత కష్టంగా ఉండి ఉంటుందో ఊహించండి.

---

గుమాస్తా_రిటైర్డ్ (శుక్రవారం రాత్రి 10:40)

అమ్మా సుధా, నేను 31 ఏళ్లు కోర్టులో గుమాస్తాగా చేశాను. నాకు హీబ్రూ రాదు. తెలుగు బైబిల్లో ఆ మొదటి వచనంలో సాతాను "ఫిర్యాదియై" నిలబడ్డాడని ఉంటుంది. ఆ ఒక్క మాట చదివినప్పుడల్లా నాకు మా కోర్టు హాలు కళ్లముందుకొస్తుంది.

ఫిర్యాది పారశీకం నుంచి వచ్చిన మాట. ఫిర్యాదు అంటే అసలు మొర, గోడు. జెకర్యా ఈ దర్శనం చూసింది కూడా పారశీక రాజు కిందే. ఆ కలయిక నాకు బాగా నచ్చుతుంది.

దీనికి తోడు ఇంకో మాట చెప్పాలి. మనం నిందితుణ్ణి "ముద్దాయి" అంటాం. అరబీలో ఆ మాటకు అర్థం దావా వేసినవాడు, ఆరోపించేవాడు. హిందీ, ఉర్దూల్లో ఇప్పటికీ అదే అర్థం. తెలుగులోకి వచ్చేసరికి తారుమారై, ఆరోపించేవాడి పేరు ఆరోపణ పడ్డవాడికి అంటుకుంది. బోనులో నిలబడ్డవాణ్ణి చూసి ముద్దాయి, ముద్దాయి అని ఎన్నివేలసార్లు పిలిచానో. ఈ సంగతి రిటైరయ్యాక తెలిసింది. తెలిసిన రోజు రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

"అపవాది" అని కూడా మన బైబిల్లో వాడతారు కదా. అపవాదు వేసేవాడు. అది ఎక్కడినుంచి వచ్చిందో అలెఫ్ గారు చెప్పాలి.

ఇక సుధ అడిగిన అసలు ప్రశ్న. కోర్టులో కేసు ఎలా ముగుస్తుంది? నిర్దోషి అని తేలుస్తారు, లేదా సాక్ష్యం చాలక కొట్టేస్తారు, లేదా శిక్ష వేస్తారు. శిక్ష పడ్డాక గవర్నరో రాష్ట్రపతో క్షమాభిక్ష పెట్టొచ్చు. ఈ అధ్యాయంలో జరిగింది వీటిలో ఏదీ కాదు. ఫిర్యాది నోరు తెరవకముందే జడ్జి అతన్ని గద్దించాడు. ముద్దాయిని నువ్వు చేశావా లేదా అని అడగలేదు. నేను చూసిన ఏ రికార్డులోనూ ఇలాంటి తీర్పు లేదు.

---

అలెఫ్_బేత్ (శుక్రవారం రాత్రి 11:05)

గుమాస్తా గారూ, ముద్దాయి సంగతి నాకు తెలియదు. చదివి ఒళ్లు జలదరించింది.

అపవాది గ్రీకు దారిలో వచ్చింది. హీబ్రూ లేఖనాలను గ్రీకులోకి మార్చినప్పుడు ఈ హ-సాతాన్ మాటకు "దియాబోలోస్" అని పెట్టారు. నింద మోపేవాడు, చాడీలు చెప్పేవాడు అని అర్థం. దానికి అపవాది సరిగ్గా సరిపోయిన తెలుగు.

---

మాధవ్_కర్నూలు (శనివారం ఉదయం 6:50)

నేను క్రైస్తవుణ్ణి కాదు. మత గ్రంథాలన్నీ ఆసక్తితో చదువుతాను. ఈ చర్చ చదివాక ఒకటి అడగకుండా ఉండలేకపోతున్నాను, ఎవరూ నొచ్చుకోవద్దు.

చేసిన కర్మ అనుభవించాల్సిందే అని మా నాయనమ్మ చెప్పేది. దేవుడైనా దాన్ని తప్పించలేడనేది. ఇక్కడ బట్టలు మార్చేస్తే దోషం పోయింది అంటున్నారు. మరి ఆ దోషం వల్ల నష్టపోయినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల సంగతేంటి? వాళ్లను ఆ కొలువులోకి పిలిచారా? నా వరకు సుధ గారి గుంపులో ఆమె అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న.

---

చరిత్ర_దారి (శనివారం ఉదయం 8:30)

మాధవ్ గారి ప్రశ్నకు ముందు, ఆ యెహోషువ ఎవరో చెప్పాలి. అది తెలియకపోతే కొరవి అన్న మాట గాలిలో వేలాడుతుంది.

క్రీ.పూ. 586లో బబులోను రాజు నెబుకద్నెజరు సైన్యం యెరూషలేము ఆలయాన్ని తగలబెట్టింది. అప్పటి ప్రధాన యాజకుడు శెరాయాను రిబ్లాకు తీసుకెళ్లి చంపారు. రాజులు రెండో గ్రంథం చివరి అధ్యాయంలో ఉంది. శెరాయా కొడుకు యెహోజాదాకును చెరపట్టి బబులోనుకు తోలుకుపోయారు. ఆ యెహోజాదాకు కొడుకే మన యెహోషువ. తాతను చంపారు, తండ్రి బందీ అయ్యాడు. ఇతను పరాయి నేలమీద, ఆలయం లేని యాజక కుటుంబంలో పెరిగాడు.

539లో పారశీక రాజు కోరెషు బబులోనును పట్టుకున్నాడు, మరుసటి ఏడాది యూదులు తిరిగి వెళ్లొచ్చని ఆజ్ఞ ఇచ్చాడు. యెహోషువ, యూదా అధికారి జెరుబ్బాబెలు కలిసి బలిపీఠం కట్టారు, పునాది వేశారు. తర్వాత పని ఆగిపోయింది. తర్వాత వచ్చిన పారశీక రాజు దర్యావేషు ఏలుబడిలో రెండో ఏడు దాకా అలాగే పడి ఉంది. ఆ ఏడు పదకొండో నెల, శెబాటు, ఇరవై నాలుగో రోజు రాత్రి జెకర్యాకు వరసగా ఎనిమిది దర్శనాలు వచ్చాయి. మన లెక్కలో 519 ఫిబ్రవరి. ఈ యాజకుడి దర్శనం వాటిలో నాలుగోది. ఆలయం పూర్తయింది 515లో.

అంటే ఈ దర్శనం వచ్చేనాటికి గుడి సగంలో ఉంది. గుడి పూర్తయితే అందులో నిలబడాల్సిన మనిషి ఇతనే. ఇతను అర్హుడేనా అనే సందేహం ఊళ్లో అందరికీ ఉండి ఉంటుందని నా నమ్మకం. చెరలో అపవిత్రమైన నేలమీద పెరిగినవాడు కదా. ఆ బట్టల మీద మురికి అతనొక్కడిది కాదు, డెబ్బై ఏళ్ల చెరది, అంతకుముందు తరాలది. కొరవి అన్నది అందుకే. నిజంగానే ఆ ఇంటికి నిప్పు పెట్టారు. మిగిలిన కట్టె ఇతను.

---

పొయ్యిగడ్డ (శనివారం ఉదయం 9:10)

నేను సాధారణంగా ఇక్కడ చదవడమే గాని రాయను. కొరవి మాట చూసి రాస్తున్నా.

మా అమ్మ కట్టెల పొయ్యి మీద వండినన్నాళ్లూ ఈ పని నాదే. అన్నం ఉడికాక కొరవి లాగి, బయట మట్టిలో పెట్టి చెంబుడు నీళ్లు పొయ్యడం. చుయ్ మని శబ్దం, ఒక తడి పొగ వాసన. సగం నల్లగా, సగం మామూలు కట్టెలాగా ఉంటుంది. చేత్తో పట్టుకుంటే అరచేయంతా మసి. కానీ పారెయ్యరు. ఎండబెట్టి మర్నాడు పొయ్యిలో మొదట అదే పెడతారు, ఎందుకంటే కొత్త కట్టెకన్నా కాలిన కట్టె తొందరగా అంటుకుంటుంది.

మన చెవికి కొరివి అనగానే తలకొరివి, కొరివి దయ్యం, కొరివితో తల గోక్కోవడం ఇవే. మంచిమాట ఒక్కటీ లేదు. దేవుడు తన యాజకుణ్ణి ఆ మాటతో పిలవడం, అదీ వెనకేసుకొస్తూ పిలవడం నాకు చాలా ఇష్టం. మసి అంటుతుందని తెలిసే చెయ్యి పెట్టాడు.

---

సుధ_ఒంగోలు (శనివారం ఉదయం 9:35)

పొయ్యిగడ్డ గారూ, ఇది మా గుంపులో చదివి వినిపిస్తాను, అనుమతి ఇవ్వండి.

---

పొయ్యిగడ్డ (శనివారం ఉదయం 9:41)

అయ్యో, తప్పకుండా చదవండమ్మా.

---

పాస్టరుగారబ్బాయి (శనివారం మధ్యాహ్నం 1:20)

ఇక్కడ యేసు ప్రభువు ప్రస్తావన ఇంకా రాకపోవడం ఆశ్చర్యంగా ఉంది. యెహోషువ, యేసు ఒకే పేరు. ఎజ్రా గ్రంథంలో ఇదే యాజకుడి పేరు హీబ్రూలో "యేషూవ" అని ఉంది. గ్రీకు అనువాదంలో జెకర్యా 3లో "యేసూస్" అనే ఉంటుంది. ఎనిమిదో వచనంలో "నా సేవకుడైన చిగురు"ను రప్పిస్తానన్నది మెస్సీయ గురించే. మురికి బట్టలు తీసి మంచి బట్టలు కట్టడం అంటే మన పాపం తీసి ఆయన నీతిని మనకు తొడగడం. ప్రకటన గ్రంథం 12లో సహోదరుల మీద రాత్రింబగళ్లు నేరం మోపేవాడు పడద్రోయబడ్డాడని ఉంది. ఈ దర్శనానికి ముగింపు అక్కడుంది. నా చిన్నప్పటి నుంచి మా నాన్నగారి దగ్గర విన్నది ఇదే, నేను నమ్మేది కూడా ఇదే.

---

అలెఫ్_బేత్ (శనివారం మధ్యాహ్నం 2:15)

తమ్ముడూ, క్రైస్తవ సంఘం మొదటి నుంచీ అలా చదివింది. దాన్ని నేను కాదనను. అయితే ఆ రోజు గుడి పునాది దగ్గర నిలబడ్డ జనానికి ఇది ఏం చెప్పింది అన్నది కూడా వినాలి. యూదులు ఈ భాగాన్ని ఇప్పటికీ ప్రతి హనుక్కా పండుగ విశ్రాంతిదినాన సభామందిరంలో చదువుతారు. వాళ్లు ఆ మురికి గురించి ఏమనుకున్నారో చెప్తాను.

యూదు పండితుల చర్చల సంకలనం తాల్ముద్‌లో సన్‌హెద్రిన్ భాగంలో ఒక కథ ఉంది. యిర్మీయా 29లో ఇద్దరు అబద్ధ ప్రవక్తలను బబులోను రాజు నిప్పులో కాల్చాడని ఉంటుంది కదా. వాళ్లతోపాటు ఈ యెహోషువను కూడా నిప్పులో వేశారట. వాళ్లు కాలిపోయారు, ఇతని బట్టలు మాత్రం కమిలాయి. ఎందుకు కమిలాయి అని అక్కడే ప్రశ్న వేసుకుంటారు. ఇతని కొడుకులు యాజకులకు తగని స్త్రీలను పెళ్లి చేసుకున్నారు, ఇతను అడ్డు చెప్పలేదు, అందుకని. ఎజ్రా 10:18లో యెహోషువ కొడుకుల పేరు నిజంగానే ఆ జాబితాలో మొదట ఉంది.

అంటే ఆ పండితులు అతన్ని శుద్ధ నిర్దోషిగా చూపించడానికి ప్రయత్నించలేదు. తప్పు ఉంది. చేసిన తప్పు కాదు, చూస్తూ ఊరుకున్న తప్పు. సుధ గారి మొదటి ప్రశ్నకు వాళ్ల జవాబు అది: ఆరోపణ అబద్ధం కాదు.

---

మాధవ్_కర్నూలు (శనివారం సాయంత్రం 5:00)

ఈ చివరి మాట నాకు నచ్చింది. కానీ నా ప్రశ్న ఇంకా అక్కడే ఉంది. ఆరోపణ నిజమైతే ఫిర్యాదిని ఎందుకు గద్దించారు? నిజం చెప్పినవాణ్ణి నోరు మూయించడం కాదా అది?

---

గుమాస్తా_రిటైర్డ్ (శనివారం సాయంత్రం 6:30)

మాధవ్ గారూ, ఇది నేనూ చాలాకాలం మోసిన ప్రశ్న. నాకు తోచింది చెప్తాను.

కుడిపక్కన నిలబడటం గమనించండి. 109వ కీర్తనలో శత్రువును శపిస్తూ, వాడి కుడిపక్కన ఆరోపించేవాడు నిలబడాలని ఆరో వచనంలో ఉంటుంది. అలెఫ్ గారు చెప్పిన ఆ సాతాను మాటే అక్కడా. అదే కీర్తన చివరి వచనంలో, దరిద్రుడి కుడిపక్కన యెహోవా నిలబడతాడు, తీర్పు తీర్చేవాళ్ల నుంచి వాణ్ణి రక్షించడానికి అని ఉంటుంది. చోటు ఒక్కటే. అక్కడ ఎవరు నిలబడ్డారన్నదే తేడా.

మా కోర్టుకు వచ్చిన ఫిర్యాదుల్లో నిజమైనవి చాలా ఉండేవి. నిజమైన ఫిర్యాది నష్టం పూడాలని వస్తాడు. ఇంకో రకం ఉంటారు. వాళ్లు చెప్పేదీ నిజమే. కానీ వాళ్లకు కావలసింది పూడ్చుకోవడం కాదు, ఎదుటివాడు మళ్లీ లేవకపోవడం. కాగితం మీద ఇద్దరి ఫిర్యాదూ ఒకేలా ఉంటుంది. మనిషిని చూస్తే తెలుస్తుంది. ఈ సాతాను రెండో రకం. ఇతని వాదన గెలిస్తే గుడికి యాజకుడు ఉండడు. యాజకుడు లేకపోతే జనానికి ఏటా పాపాలు తుడిచే ప్రాయశ్చిత్త దినమే లేదు. దేవుడు గద్దించింది అందుకని నేననుకుంటాను. "యెరూషలేమును కోరుకున్న యెహోవా" అనే పేరుతో గద్దించాడు చూడండి. నిజానిజాల మాటే ఎత్తలేదు. నేను వీళ్లను ఎంచుకున్నాను అన్నాడు.

---

చరిత్ర_దారి (శనివారం రాత్రి 7:45)

మాధవ్ గారు అడిగిన "నష్టపోయినవాళ్లు" సంగతి ఐదో అధ్యాయంలో ఉంది. అదీ ఆ రాత్రి దర్శనమే. ఇరవై మూరల పొడవు, పది మూరల వెడల్పు ఉన్న గ్రంథపు చుట్ట ఒకటి గాలిలో ఎగురుతూ వస్తుంది. అది దొంగ ఇంట్లోకి, అబద్ధ ప్రమాణం చేసినవాడి ఇంట్లోకి దూరి, దూలాలతో రాళ్లతో సహా ఆ ఇంటిని తినేస్తుంది. యాజకుడి బట్టలు మార్చిన రాత్రే ఈ చుట్ట కూడా ఎగిరింది. ఏడు, ఎనిమిది అధ్యాయాల్లో విధవను, తండ్రిలేనివాణ్ణి, పరదేశిని బాధపెట్టొద్దు, మీ గుమ్మాల దగ్గర సత్యమైన తీర్పు తీర్చండి అని వరసగా ఉంటుంది.

తర్వాతి యూదు పెద్దలు దీన్ని ఇంకా తెగేసి చెప్పారు. యూదు ధర్మ నియమాల సంకలనం మిష్నాలో, యోమా భాగం చివర్లో ఉంది. మనిషికీ దేవుడికీ మధ్య తప్పును ప్రాయశ్చిత్త దినం తుడిచేస్తుంది. మనిషికీ మనిషికీ మధ్య తప్పును, ఎదుటి మనిషిని సమాధానపరిచేదాకా ఆ దినం కూడా తుడవలేదు. యెహెజ్కేలు 33లో కూడా అంతే, దొంగిలించింది తిరిగి ఇచ్చినవాడు బతుకుతాడు అని. కాబట్టి బట్టలు మార్చడంతో లెక్క తీరిపోయిందని ఆ గ్రంథం అనడం లేదు.

---

మాధవ్_కర్నూలు (శనివారం రాత్రి 8:20)

ఆ మిష్నా మాట నాకు తెలియదు. అది ముందే తెలిసుంటే ఉదయం అలా అడిగేవాణ్ణి కాదు. థాంక్స్.

---

శాంత_ఎమ్మే (శనివారం రాత్రి 9:30)

యెషయా 6తో పోల్చి చదివితే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. యూదా రాజు ఉజ్జియా చనిపోయిన ఏడు, అంటే సుమారు క్రీ.పూ. 740. అక్కడ ఆరోపించేవాడే లేడు. సెరాపులు అనే ఆరేసి రెక్కల పరలోక జీవులు పరిశుద్ధుడు, పరిశుద్ధుడు అని కేకలు వేస్తుంటే, గడప పునాదులు అదురుతుంటే, యెషయా తనే అయ్యో నేను నాశనమయ్యాను, నావి అపవిత్రమైన పెదవులు అని ఒప్పేసుకుంటాడు. ఒక సెరాపు బలిపీఠం మీంచి పటకారుతో నిప్పు తీసి అతని నోటికి తగిలిస్తాడు. దోషం పోయింది అంటాడు. కాలకుండా పోలేదు. మాట్లాడే నోటికే వాత పెట్టారు. ఆ వెంటనే నన్ను పంపు అంటాడు. అప్పుడు ఇచ్చిన పని ఎంత కఠినం! వినని జనానికి చెప్పడం.

జెకర్యాలో యెహోషువకు నిప్పు తగిలించలేదు. అతను అప్పటికే నిప్పులోంచి వచ్చినవాడు, మళ్లీ కాల్చలేదు. కొందరికి నిప్పు కావాలి, కొందరికి బట్ట కావాలి. నేను టీచర్‌గా చేసిన రోజుల్లో ఈ తేడా తెలియక కొంతమంది పిల్లలను అనవసరంగా కాల్చాను. ఇప్పుడు గుర్తొస్తే కడుపులో దేవినట్టవుతుంది.

---

పాస్టరుగారబ్బాయి (శనివారం రాత్రి 10:10)

శాంత గారూ, ఈ కోణంలో నేనెప్పుడూ చూడలేదు. రేపు సండే స్కూల్‌లో పెద్ద పిల్లలకు ఈ రెండు అధ్యాయాలూ పక్కపక్కన పెట్టి చదివిస్తాను.

---

అలెఫ్_బేత్ (ఆదివారం సాయంత్రం 4:00)

ఇంకో సంగతి చెప్పాలనిపించి మళ్లీ వచ్చాను. నాకు ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ఇష్టమైనది పాగా.

బట్టలు మార్చమని చెప్పింది దూత. పాగా గురించి చెప్పింది ఎవరు? హీబ్రూలో ఐదో వచనం "నేను అన్నాను" అని మొదలవుతుంది. నేను అంటే జెకర్యా. అంతవరకు చూస్తూ ఊరుకున్న మనిషి ఉన్నట్టుండి మధ్యలో నోరు తెరిచి, అతని తలమీద శుభ్రమైన పాగా కూడా పెట్టండి అన్నాడు. గ్రీకు అనువాదంలో ఆ "నేను అన్నాను" లేదు, ఆజ్ఞ దూతదే అన్నట్టు సాగిపోతుంది. ఒక మామూలు మనిషి పరలోక కొలువులో జోక్యం చేసుకోవడం రాసినవాళ్లకు ఇబ్బందిగా అనిపించిందో ఏమో. తెలుగు మాత్రం హీబ్రూ దారిలోనే ఉంది, నేను మనవి చేయగా అని.

పాగా ఎందుకు? చెరకు ముందు యెహెజ్కేలు 21లో, పాగా తీసెయ్, కిరీటం ఎత్తెయ్ అని ఒక ఆజ్ఞ ఉంది. ఆ రోజు తీయించిన పాగాను ఇక్కడ మళ్లీ పెట్టించమని అడుగుతున్నాడు. ప్రధాన యాజకుడి పాగా ముందు "యెహోవాకు పరిశుద్ధం" అని చెక్కిన బంగారు రేకు ఉండేది. జనం దోషాన్ని అతను మోసేది దాంతోనే అని నిర్గమకాండం 28 చెప్తుంది. పాగా లేకపోతే శుభ్రమైన మనిషి అవుతాడు, యాజకుడు కాడు. క్షమించి ఇంటికి పంపడం ఒకటి, పాత పనిలో మళ్లీ నిలబెట్టడం ఇంకొకటి. జెకర్యా అడిగింది రెండోది.

ఆమోసు 7లో కూడా ఇలాగే. మిడుతలను చూసి, నిప్పును చూసి, రెండుసార్లు ప్రవక్త అడ్డుపడతాడు. యాకోబు (అంటే ఇశ్రాయేలు జనం) చిన్నవాడు, ఎలా నిలుస్తాడు ప్రభూ అని. రెండుసార్లూ దేవుడు ఆగాడు. దర్శనం చూపించేది ఊరికే చూసి రాసుకోవడానికి కాదని నాకు అనిపిస్తుంది. ఎవరైనా మాట్లాడతారేమో అని చూపిస్తారు.

ఒక చిన్న విషయం కూడా. ఈ అధ్యాయంలో "నిలబడి" అనే మాట, హీబ్రూలో "ఓమెద్", దాని బహువచనంతో కలిపి ఆరుసార్లు వస్తుంది. యెహోషువ నిలబడి ఉన్నాడు, సాతాను నిలబడి ఉన్నాడు, దూత నిలబడి ఉన్నాడు, చుట్టూ పరిచారకులు నిలబడి ఉన్నారు. ఎనిమిదో వచనంలో మొదటిసారి "కూర్చున్న" అనే మాట వస్తుంది, నీ ఎదుట కూర్చున్న నీ తోటివాళ్లు అని. సాతాను పేరు రెండో వచనం తర్వాత లేదు. ఎప్పుడు వెళ్లాడో రాయలేదు.

---

సుధ_ఒంగోలు (ఆదివారం రాత్రి 10:45)

అలెఫ్ గారి పోస్టు సాయంత్రం చదివాను. జవాబు ఇప్పుడు రాస్తున్నాను, ఇంతసేపూ రాయలేకపోయాను.

మా నాన్నగారు ఒక ఆఫీసులో క్యాషియర్. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా లెక్కలో తేడా వచ్చింది. డబ్బు ఆయన తియ్యలేదు. కానీ పైవాళ్లు పెట్టమన్నచోట లెక్క చూడకుండా సంతకం పెట్టారు, అది నిజం. 11 నెలలు సస్పెన్షన్. విచారణ రోజు అమ్మ క్యారియర్ పట్టుకెళ్లమంటే నేను వెళ్లి, కిటికీ అవతల వరండాలో నిలబడ్డాను. లోపల బల్లకు అవతల ముగ్గురు కూర్చుని ఉన్నారు. నాన్న ఇవతల నిలబడి ఉన్నారు. వాళ్లు చదువుతున్నారు, ఆయన తల దించుకుని వింటున్నారు, ఏమీ మాట్లాడటం లేదు. ఆయనతో పదేళ్లు కలిసి భోంచేసినవాళ్లు గోడవారగా ఉన్నారు, వాళ్లూ ఏమీ మాట్లాడటం లేదు. నాన్న చొక్కా వీపు మీద చెమటకు అంటుకుపోయి ఉంది. ఆయన ఎందుకు నోరు విప్పలేదని నాకు ఏళ్ల తరబడి కోపం ఉండేది. ఈ అధ్యాయం దగ్గర నేను ఆగిపోవడానికి కారణం అదే. శుక్రవారం అది రాయలేదు.

ఈరోజు గుర్తొచ్చింది ఇంకొకటి. టీలు తెచ్చే అటెండరు ఒకాయన ట్రే బల్ల మీద పెట్టి, "అయ్యా, ఆయనకో కుర్చీ వెయ్యమంటారా?" అన్నాడు. గదిలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన వెయ్యమని చెయ్యి ఊపాడు. ఆ అటెండరు మూలనున్న కుర్చీ తెచ్చి, భుజం మీది తువ్వాలుతో దులిపి వేశాడు. నాన్న కూర్చున్నారు. నా చేతిలో క్యారియర్ ఇంకా వేడిగా ఉంది.

కేసు తర్వాత ఏమైందన్నది పెద్ద కథ, ఉద్యోగం తిరిగి వచ్చింది. నాన్న పోయి ఆరేళ్లయింది. ఆ అటెండరు పేరు నాకు తెలియదు. అమ్మకు తెలుసేమో, పొద్దున్నే ఫోన్ చేసి అడగాలి.

వచ్చే గురువారం నాలుగో అధ్యాయం, బంగారు దీపస్తంభం. మూడో అధ్యాయంలో రాయి మీద ఉన్న ఏడు కన్నులు అక్కడ మళ్లీ వస్తాయి కదా. అలెఫ్ గారూ, వాటి గురించి కొంచెం ముందుగా రాసి పెట్టగలరా?

---

అలెఫ్_బేత్ (ఆదివారం రాత్రి 11:20)

రాస్తాను సుధ గారూ. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెప్తాను. నాలుగో అధ్యాయం పదో వచనంలో ఆ కన్నులు భూమంతా తిరుగుతూ ఉంటాయని ఉంది. "తిరగడం" అనే ఆ క్రియ, యోబు గ్రంథంలో సాతాను భూమి మీద తిరిగి వచ్చానని చెప్పిన క్రియ, రెండూ ఒకే ధాతువు. ఇద్దరూ తిరుగుతూ చూస్తారు. సాతాను చూసినచోట తప్పు కనబడుతుంది. జెకర్యాలో ఆ ఏడు కన్నులు జెరుబ్బాబెలు చేతిలో గోడ కట్టే గుండు చూసి సంతోషిస్తాయి. మిగతాది బుధవారంలోగా పెడతాను. అమ్మగారిని అడిగాక ఆ పేరు తెలిస్తే, మాకు చెప్పక్కర్లేదు గాని, మీ గురువారం గుంపులో చెప్పండి.